నానమ్మ సమాధి ఫొటో

సెప్టెంబర్ 19, సోమవారం

డాక్టరు చెప్పింది రెండే ముక్కలు. నానమ్మ గుండెలో ఒక కవాటం పాడైంది, మార్చాలి. నవంబర్ దాటితే ఆ గుండె మత్తుమందుకు తట్టుకోదు.

నానమ్మ అంతా విని, సమ్మతి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది. "సమాధి మీద పెట్టుకోవడానికి నాకు మంచి ఫొటో ఒక్కటీ లేదు. అది తేలేదాకా సంతకం పెట్టను" అంది. డాక్టరు నా ముఖం చూశాడు. నేను ఆయన బూట్లు చూశాను. ఎడమ లేసు ఊడిపోతోంది.

బస్సులో ఊరంతా వినేలా మొదలుపెట్టింది.

"నేను పోగానే మీ నాన్న ఏం చేస్తాడో నాకు తెలుసు. గుర్తింపు కార్డు ఫొటో పెద్దది చేయించి రాయికి అతికిస్తాడు. అందులో నేను కోళ్ళు పట్టుకుపోతూ దొరికిపోయినదానిలా ఉంటాను. సమాధుల గోడలో మన గూటికి ఎదురు గూట్లో ఎవరు? మా తోటికోడలు రొసారియా! ఎనభై ఏడేళ్ళకి చచ్చి, ఇరవై ఏళ్ళప్పటి ఫొటో పెట్టించుకుంది. మెళ్ళో ముత్యాలు. అవీ ఎరువు సొమ్మే. చచ్చినందుకు కాదే నా బాధ, అది నవ్వుతుందని."

"నవ్వదులే నానమ్మా."

"ఫొటోలో ఇప్పటికే నవ్వుతోంది. నువ్వు తియ్యి. పదకొండేళ్ళు కాన్వెంటు సిస్టర్ల దగ్గర చదివావు, ఒక మీట నొక్కలేవా?"

సెప్టెంబర్ 20

నాన్న కిందనుంచి పైకి వచ్చాడు. పిండి చేతులతో గుమ్మంలోనే నిలబడ్డాడు. "నువ్వు చెప్పు ఫీనా, నీ మాట వింటుంది" అని మళ్ళీ బేకరీలోకి దిగిపోయాడు.

నా మాట ఎవరూ విన్నట్టు నాకు గుర్తు లేదు. మాట్లాడినట్టూ గుర్తు లేదు.

సెప్టెంబర్ 23, శుక్రవారం

చర్చి హాల్లో ఫొటోగ్రఫీ తరగతి. మొదటి మెట్టు నుంచి నేర్పుతారట. కెమెరా నేను పనిచేసే గ్రంథాలయానిది. పాత బాప్తిస్మ రిజిస్టర్లు ఫొటో తీయమని కొన్నారు, ఇన్నాళ్ళూ డబ్బాలోనే ఉంది. ముగ్గురు విధవలు, నేను. ముగ్గురూ సమాధి ఫొటో కోసమే వచ్చారు.

నేర్పేది గాస్పరే మాస్టారు. ముప్ఫై ఏళ్ళు పోలీసుల దగ్గర ఫొటోలు తీసి రిటైరయ్యారు. వస్తూనే, "నేను తీసినవాళ్ళలో సగం మంది దొంగలు, సగం మంది శవాలు. ఒక్కరూ ఫొటో బాగోలేదనలేదు. మీ సంగతే భయంగా ఉంది" అన్నారు.

పాఠం రాసుకున్నాను. వెలుతురు పీపాలో వైన్ లాంటిది. కుళాయి ఎంత తెరిచావన్నది ఒక లెక్క, అది లెన్సు కన్నం. ఎంతసేపు తెరిచావన్నది ఇంకో లెక్క, అది షట్టరు. మూడోది ఐఎస్ఓ. "ఐఎస్ఓ అంటే తాగుబోతు. సంఖ్య పెంచేకొద్దీ చుక్కతోనే మత్తెక్కిపోతాడు. కానీ ఎక్కువ వాగుతాడు. ఫొటో నిండా ఇసక చల్లినట్టు కనబడేది వాడి వాగుడే."

ఒకావిడ అడిగింది: "ముడతలు పోవడానికి ఏ సంఖ్య పెట్టాలి మాస్టారూ?"

"పెళ్ళయిన సంవత్సరం పెట్టండమ్మా."

సెప్టెంబర్ 27

రొట్టె. కిటికీ. రొట్టె. పిల్లి తోక.

కన్నం చిన్నది చేస్తే దూరం కూడా స్పష్టంగా ఉంటుంది. పెద్దది చేస్తే ఒక్కటే స్పష్టం, మిగతాదంతా మసక. రెండోది నాకు నచ్చింది. లోకం అలా ఉంటే బాగుండును.

అక్టోబర్ 1

నానమ్మని వరండాలో తీశాను. పదహారు ఫొటోలు. అన్నీ మసక. వెలుతురు చాలలేదు.

అక్టోబర్ 3

ఇరవై రెండు. మసక. వెలుతురు ఎక్కువైంది.

అక్టోబర్ 4

నానమ్మ కదులుతోంది. ఆవిడ చిక్కుళ్ళు ఒలుస్తూ కూర్చుంటే షట్టరు ఏం చేస్తుంది?

"ఏమే, ఇంతసేపు ఏం చూస్తున్నావు ఆ డబ్బాలోంచి? రొసారియాని వాళ్ళ పెళ్ళప్పుడు ఫొటో తీసినవాడు ఒక్కసారే నొక్కాడు."

"అది పాత కెమెరా నానమ్మా."

"పాత మనిషిని నేను. పాత కెమెరాయే తేవాల్సింది."

చేతులు బాగా వచ్చాయి. చిక్కుడు గింజలు కూడా.

అక్టోబర్ 8

ఈ రోజు ఏమీ తీయలేదు.

అక్టోబర్ 9, ఆదివారం

నిన్న తీశాను. మధ్యాహ్నం కుర్చీలో నిద్రపోతుంటే. కదలదు కదా అని. ఒక్కటే తీశాను. స్పష్టంగా వచ్చింది.

చెరిపేశాను. తర్వాత ఆవిడ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. "వేలు తియ్యవే, తుమ్మొస్తోంది" అంది.

అక్టోబర్ 12

మాస్టారు నా కార్డు మొత్తం తన కంప్యూటర్లో చూశారు. నూట నలభై ఫొటోలు. చేతులు, వీపులు, బూట్లు, జడముడి. "శవాన్ని తీసేటప్పుడు కూడా నేను ముఖంతోనే మొదలుపెట్టేవాణ్ణి" అన్నారు.

వెలుతురు చాలలేదని చెప్పాను.

"అమ్మాయ్, ఫొటో నోరు మూసుకుని ఉండదు. ఎప్పుడు తీశావో, ఏ సంఖ్యలతో తీశావో, ఫోకస్ చుక్క ఎక్కడ పెట్టావో, అన్నీ లోపల రాసుకుంటుంది. నేరస్థులకి ఆ సంగతి తెలీకే దొరికిపోతారు. ఇదిగో, సెకనులో ఐదువందలో వంతు. పరిగెత్తే కుక్క కాళ్ళు కూడా ఆగిపోతాయి. కాబట్టి నీ చెయ్యి వణికిందనీ కాదు, ముసలావిడ కదిలిందనీ కాదు."

"మరి?"

"ఫోకస్ గోడ మీద పెట్టావు. ఆవిడ వెనకున్న గోడ మీద. ముఖం వచ్చిన ప్రతి ఫొటోలోనూ. చూడు, సున్నం పెచ్చులు ఎంత చక్కగా వచ్చాయో. ఈ గోడ చచ్చిపోతే సమాధి ఫొటోకి దిగులు లేదు."

ఫోకస్ చుక్కలో ఏదో లోపం ఉండి ఉంటుంది. పాత కెమెరా.

అక్టోబర్ 13

కెమెరా పాతది కాదు.

అక్టోబర్ 16, ఆదివారం

పూజ అయ్యాక మాస్టారు ఇంటికొచ్చారు. నానమ్మ నల్లపట్టు గౌను వేసుకుని సిద్ధంగా ఉంది. పాతిపెట్టేటప్పుడు వేయడానికని దాచుకున్నది. ఒకసారి వేసుకుని చూసినట్టు కూడా అవుతుందని.

"ఏమయ్యా పోలీసూ, నన్నెలా నిలబెడతావు? ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటీనా?"

"పలక మీద నంబరు రాసి చేతికిస్తాను, పట్టుకోండి."

"పుట్టిన సంవత్సరం రాయి. రాయి మీద ఎలాగూ ఉంది."

ఉంది. తాతయ్య పక్కన, రాయిలో ఆవిడకి వదిలిన సగంలో, ఎప్పుడో చెక్కేశారు. సెరఫీనా లొవల్లో, పుట్టిన సంవత్సరం, ఒక అడ్డగీత. గీత తర్వాత ఖాళీ. పేరు పైన, ఫొటో అచ్చువేసిన పింగాణీ బిళ్ళ బిగించడానికి గుండ్రటి గుంట. నా పేరు కూడా సెరఫీనా లొవల్లోయే. మొదటి మనవరాలికి నానమ్మ పేరు తప్ప ఇంకోటి పెట్టడం మా ఊళ్ళో ఎవరూ ఎరగరు. పైగా నానమ్మ పుట్టిందీ లొవల్లోల ఇంట్లోనే, మెట్టిందీ లొవల్లోల ఇంట్లోనే. చిన్నప్పుడు ఏటా నవంబర్ రెండున ఆత్మల పండక్కి సమాధుల తోటకి వెళ్ళినప్పుడల్లా రాయి మీద నా పేరు నేనే చదువుకునేదాన్ని. సిస్టర్ బెనెదెత్త అది మంచి ధ్యానమని మెచ్చుకుంది.

మాస్టారు ఉత్తరపు కిటికీ పక్కన కుర్చీ వేశారు. వెలుతురు సూటిగా ముఖం మీద పడకూడదు, ముఖం పక్కగా జారాలి. ఫ్లాష్ వేస్తే మదర్ సుపీరియర్ కూడా దొంగలాగే వస్తుందట. నా మోచేయి పట్టుకుని నన్ను ఒక పక్కకి జరిపారు. నానమ్మ గడ్డం ఎత్తి కిటికీ బయటికి చూసింది. ఒక పక్క ముఖమే కనబడుతోంది. అలా అయితే తీయగలిగాను.

తర్వాత జరిగింది: నానమ్మ కెమెరా లాక్కుంది. "నువ్వు కూర్చో. కూర్చుంటే తెలుస్తుంది ఎంత సుఖమో." ఉన్న మీటలన్నీ తిప్పేసింది. నేను తల దించుకున్నాను. "ఓసి మొద్దూ, ఆ నేల మీద ఏం రాలిపోయిందే, నీ బుర్రా?" అంది. తలెత్తాను. నొక్కేసింది. రంగులు పోయే మీట కూడా నొక్కిందని మాస్టారు ఒకటే నవ్వు. చూపించబోయారు. నాకు పనుందని వంటింట్లోకి వెళ్ళాను.

అక్టోబర్ 18

పక్కముఖం ఫొటో నానమ్మకి చూపించాను. అద్దాలు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుంది.

"బాగుంది. ఎవరో జమీందారుగారి విధవలా ఉంది. నేను కాదనుకో. అయినా రొసారియాకి చాలు. బిళ్ళ చేయించి పండగ లోపల బిగించమను. నా కళ్ళతో రాయి మీద చూడాలి. చూసి, బాగుంటే ఆ మర్నాడే సంతకం."

నాన్న కిందనుంచి "దేవుడా, నీకో దండం" అన్నాడు. వినబడింది.

అక్టోబర్ 20

కార్డు కవర్లో పెట్టి, పైన సెరఫీనా లొవల్లో అని రాసి, రాళ్ళు చెక్కే దొనాతో దుకాణం తలుపు కిందనుంచి తోశాను. లోపల దొనాతో ఉన్నాడు. ఉలి చప్పుడు వినబడుతోంది. అయినా సరే.

కార్డులో పక్కముఖం ఒక్కటే ఉంచి మిగతావన్నీ చెరిపేశాను. ఆదివారం నానమ్మ నన్ను తీసింది మాత్రం ఉండిపోయింది. చెరపాలంటే ముందు దాన్ని తెర మీదకి తేవాలి. ఉంటే ఉంటుంది. దొనాతోకి గుడ్డితనం లేదు కదా.

అక్టోబర్ 27

నానమ్మ మెట్ల మీద రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ చెప్పులో రాయి పడిందని చెప్పింది.

అక్టోబర్ 31

బిళ్ళ బిగించానని దొనాతో నాన్నకి చెప్పాడట. "అద్భుతంగా వచ్చింది, ఏడుపొచ్చింది" అన్నాడట. దొనాతోకి ఏడుపు రావడమేమిటి?

నవంబర్ 2, బుధవారం

ముందు నుంచి వరసగా రాస్తాను.

పది గంటలకి పట్టు గౌను వేసుకున్న నానమ్మ, నేను సమాధుల తోటకి వెళ్ళాం. ఒక చేతికి కర్ర, ఒక చేతికి నేను. నా మెడలో కెమెరా, అందులో కొత్త కార్డు. రాయి పక్కన తనని నిలబెట్టి ఫొటో తీయాలట, పోల్చి చూసుకోవడానికి. గేటు దగ్గర పూలమ్మే కార్మేలా నన్ను చూసి చామంతుల కట్ట వదిలేసింది.

"యేసు మరియ! ఫీనా! పొద్దున్నే నీ గూటి ముందు ఒక దీపం పెట్టొచ్చానే!"

"దాని గూడేమిటే, నీ తలకాయ్?" అంది నానమ్మ.

కార్మేలా చెయ్యి చాపి లోపలికి చూపించింది. మా వరసలో జనం గుమిగూడి ఉన్నారు. మమ్మల్ని చూసి రెండుగా చీలిపోయారు. ఒకాయన గబుక్కున గేటు ఇనప చువ్వ పట్టుకున్నాడు. చావు ఎదురైతే ఇనుము తాకాలని మా ఊరి నమ్మకం.

సెరఫీనా లొవల్లో. పుట్టిన సంవత్సరం. అడ్డగీత. పైన పింగాణీ బిళ్ళలో నేను.

నలుపు తెలుపు. అంచులు కొంచెం మెత్తగా, అరవై ఏళ్ళ కిందటి ఫొటోలాగే ఉంది. కిటికీ వెలుతురు ఎడమ చెంప మీద. అప్పుడే తలెత్తినట్టు చూస్తున్నాను, ఎవరో తిట్టినట్టు, ఆ తిట్టు నాకు నచ్చినట్టు. నేను అలా ఉంటానని నాకు తెలీదు.

దొనాతో పరిగెత్తుకొచ్చాడు. "కార్డులో రెండున్నాయి పిన్నీ. ఒకటి ముసలిది, ఒకటి పడుచుది. ఎవరైనా పడుచు ఫొటోయే అడుగుతారు. ఎదురుగా రొసారియా పెద్దమ్మ కూడా అంతే కదా! ఎంత అందంగా ఉండేదానివి పిన్నీ అనుకుని, ఒట్టు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. నానమ్మ నవ్వుతుందనుకున్నాను. ఊరికి ఏడాది పాటు చెప్పుకోవడానికి సరిపడా మాటలు అంటుందనుకున్నాను. ఆవిడ కర్ర నా చేతికిచ్చి, దగ్గరికి వెళ్ళి, బొటనవేలితో బిళ్ళని తుడిచింది. పిండి అంటుకుంటే తుడిచినట్టు. మళ్ళీ తుడిచింది. పోలేదు.

"తియ్యి దీన్ని" అంది దొనాతోతో.

"పండగ పూటా? రేపు..."

"ఇప్పుడే తియ్యి. బతికున్న పిల్లని గోడకెక్కిస్తావా? నేను తొంభై దాకా బతుకుతానో, రేపే పోతానో నా ఇష్టం. అది నా వరస. వరస తప్పించి ఇది ముందు ఎక్కడానికి వీల్లేదు. తియ్యరా దొనాతో, మరలు పంటితో పీకుతావో, గోటితో పీకుతావో!"

దొనాతో జేబులోంచి మరలు విప్పే చాకు తీశాడు. నానమ్మ వాడి భుజం మీదుగా వంగి అరుస్తోంది. జాగ్రత్త అంటోంది, గీత పడితే చంపుతానంటోంది. అప్పుడు కెమెరా కంటికి ఆనించుకున్నాను. సంఖ్యలేవీ చూడలేదు. కుడి కన్ను ఎడమదానికన్నా చిన్నది. పైపెదవి నీలంగా ఉంది. నోరు తెరిచి అరుస్తూనే భయపడుతోంది. నాకు తెలుసు. సెప్టెంబర్ నుంచీ తెలుసు.

చుక్కని కంటి మీద పెట్టి నొక్కాను. నాలుగుసార్లు.

బిళ్ళ ఊడివచ్చింది. నానమ్మ దాన్ని పట్టు గౌను జేబులో వేసుకుని, సంచీలోంచి ఆసుపత్రి కాగితం తీసింది. "పెన్నుందా ఎవరి దగ్గరైనా?" ఆనించడానికి చుట్టూ చూసింది. రొసారియా రాయే నున్నగా కనబడింది. ముత్యాల దండకి సరిగ్గా కింద కాగితం పెట్టి, సంతకం చేసింది.

"ఒక్క పనికైనా వచ్చింది" అంది.

నవంబర్ 5

ఇరవై మూడేళ్ళుగా నన్ను చూడని ఊరు ఇప్పుడు నన్ను చూసి ఇనుము పట్టుకుంటోంది. మందుల షాపులో ఇద్దరు తాళంచెవులు పట్టుకున్నారు. కసాయి తన కత్తి పట్టుకున్నాడు. నేను కొంచెం వెనక్కి తగ్గాను.

గాస్పరే మాస్టారు మాత్రం చెయ్యి కలిపారు. "నా వృత్తిలో శవం లేచొచ్చి తరగతికి రావడం ఇదే మొదలు."

ఆ నాలుగు ఫొటోలు ఆయనకి చూపించాను. మూడు చూసి తల ఊపారు. నాలుగోదాన్ని చాలాసేపు చూశారు. వెలుతురు ఎక్కువైందన్నారు, తల పైన చోటు లేదన్నారు, మూలలో దొనాతో చెవి వచ్చిందన్నారు. "చెరపకు" అన్నారు.

నవంబర్ 16

ఆపరేషన్ రేపు పొద్దున్న. నానమ్మ తన కోసం సర్దుకున్నవి: దువ్వెన, జపమాల, నా బిళ్ళ.

నవంబర్ 17

లోపలికి తీసుకెళ్ళేముందు నర్సు బిళ్ళ చూసి మెల్లగా అడిగింది: "అయ్యో, ఎవరమ్మా, ఎప్పుడు పోయింది?"

"ఎక్కడికీ పోలేదు. అదిగో, గుమ్మంలో. వెధవ కెమెరా మెళ్ళో వేసుకుని" అంది నానమ్మ.

నర్సు నన్ను చూసి మంచం ఇనప కడ్డీ పట్టుకుంది.

తలుపు మూశారు. ఎనిమిదీ ఇరవై.

నవంబర్ 17, మళ్ళీ

పదకొండు.

ఇక్కడి గోడ లేత ఆకుపచ్చ. దాన్ని చూడటం లేదు. తలుపునే చూస్తున్నాను.

నవంబర్ 17

నాన్న వచ్చాడు. రొట్టె తెచ్చాడు. ఇద్దరం తినలేదు. ఒంటిగంటన్నర.

నవంబర్ 18

బతికింది.

నవంబర్ 19

బతికింది. ఇంకా మాట్లాడలేదు. గొట్టాలు. ఒకసారి కళ్ళు తెరిచి నన్ను చూసింది. నేనూ చూశాను. ముందు ఆవిడే కళ్ళు మూసుకుంది.

నవంబర్ 21

గొట్టం తీశారు. గొంతు బొంగురు.

"ఫీనా."

"ఆఁ నానమ్మా."

"పక్క మంచం ఆవిడకి విగ్గు. ఎవరికీ చెప్పకు."

బయటికొచ్చి, నడవాలో మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. రాయకూడదనుకున్నాను. రాశాను.

డిసెంబర్ 6

ఇల్లు చేరాం. మెట్లు ఎక్కడానికి పావుగంట పట్టింది. ఆగిన చోటల్లా చెప్పులో రాయి పడిందని చెప్పలేదు. "ఆయాసం" అంది.

డిసెంబర్ 7

నాలుగో ఫొటో చూపించాను. పెద్ద తెర మీద, మాస్టారు ఇంటికి తెచ్చిన కంప్యూటర్లో. నాన్న కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

నానమ్మ నోరు బార్లా తెరిచి ఉంది. ముందు పళ్ళు రెండు లేవు. ఒక కన్ను సగం మూసుకుంది. జుట్టు లేచిపోయింది. మూలలో చెవి.

తెరకి ముక్కు ఆనేంత దగ్గరికి వంగింది.

"ఇదెవరే, సంతలో గాడిద బేరం చేస్తున్నట్టు?"

"నువ్వే."

"నేనే" అంది. "ఛీ. దీన్నే చేయించు. దీన్ని చూస్తే రొసారియాకి నా అరుపు వినబడుతుంది."

ఈసారి దొనాతో దుకాణానికి వెళ్ళాను. తలుపు తట్టాను. కార్డు చేతిలో పెట్టి, "ఇందులో ఒకటే ఉంది" అన్నాను. వాడు ఇనుము పట్టుకోలేదు. వాడి చేతిలో ఎలాగూ ఉలి ఉంది.

డిసెంబర్ 20

దొనాతో బిళ్ళ తెచ్చాడు. నానమ్మ వంటింట్లో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. డాక్టరు ఏ పనీ చేయొద్దన్నాడు. చిక్కుళ్ళు ఒలవడం పని కాదట.

బిళ్ళని వెలుతురుకి ఎత్తి చూసింది. ఫొటోలోని నోటిని వేలితో ఒకసారి మూసి, తీసి, మళ్ళీ చూసింది.

"చెవి నాదే కదా పిన్నీ" అన్నాడు దొనాతో గర్వంగా.

"ఉండనీ. నేను తిడుతుంటే వినడానికి ఒక చెవి ఉండాలి కదా."

"ఈ మధ్యాహ్నమే బిగించేస్తాను. కాస్త ఎండగా కూడా ఉంది."

"అక్కర్లేదు. ఇక్కడ పెట్టి వెళ్ళు" అంది నానమ్మ, చిక్కుళ్ళలోంచి తలెత్తకుండా. "అక్కడికి వచ్చేటప్పుడు నేనే తెచ్చుకుంటాను."

దొనాతో మరలు బల్ల మీద పెట్టి, కిందనుంచి ఒక రొట్టె పుచ్చుకుని వెళ్ళిపోయాడు.